చుట్టాలొచ్చిన వేళ తక్కాళి పెరుగు పచ్చడి



సాయంత్రం ఆరు గంటలవుతూ ఉంటుంది. రాత్రి సంగటికి ఎసరు పెట్టబోతూ ఉంటారు మీరు. అంతలో వాకిట్లో మాటలు వినబడతాయి. సేలం నుంచి బెంగుళూరు పోతూ దారిలో ఒకసారి చూసిపోదామని మీ ఆడబిడ్డ, ఆమె భర్త, పిల్లలు, వాళ్ళ వెంట ఇంకో ఇద్దరు. "భోజనాలకేమీ వద్దు వదినా, అరగంట కూర్చుని లేస్తాం" అంటుంది ఆమె. ఆ అరగంటతోనే వచ్చింది చిక్కు. ఒట్టి కాఫీ ఇచ్చి పంపడానికి మనసొప్పదు. బజ్జీలు వేద్దామంటే నూనె కాగాలి, వాయ తర్వాత వాయ వేస్తూ పొయ్యి దగ్గరే నిలబడాలి. వచ్చినవాళ్ళు లేచి చెప్పులు వేసుకునే దాకా మనం వంటింట్లోనే ఉంటాం. ఇక మాట్లాడేదెప్పుడు?

అలాంటి వేళకు పనికొచ్చే పచ్చడి ఒకటి ఈ రోజు మీకు చెప్పబోతున్నాను. తక్కాళి, పెరుగు, చెనిక్కాయలు కలిపి మీగడలా చిక్కగా చేసుకునేది. పట్నాల్లో పెద్ద హోటళ్ళలో ఇలాంటి దాన్ని చిన్న గిన్నెలో పెట్టి, పక్కన కరకరలాడేవి ఏవో పెట్టి, డిప్ అని పేరు చెబుతారు. ముంచుకుని తినేది అని అర్థం. పేరు కొత్తదే కానీ, ముంచుకుని తినడం మనకు కొత్త కాదు. ఊరిబిండిలో సంగటి ముద్ద అద్దుకుని తిన్న చేతులే మనవి.

తక్కాళి పెరుగు పచ్చడి మాకు తెలియదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. తెలియకేం! పచ్చి తక్కాళి ముక్కలు పెరుగులో వేసి, ఉప్పు చల్లి, తిరగమాత పెడితే అదీ పెరుగు పచ్చడే. అయితే అది అన్నంలోకి. నిప్పట్టుతో ముంచి పైకెత్తి చూడండి, నీళ్ళు కారి చీర మీద పడతాయి. నేను చెప్పబోయేది కారకూడదు. నిప్పట్టును పట్టుకుని ఉండాలి. ఆ కారకుండా ఉండటంలోనే ఉంది దీని పనంతా. ఆ సంగతి నేను నేర్చుకున్నది ఏ వంటల పుస్తకంలోనూ కాదు. అది ఎలా తెలిసిందో ముందు చెబుతాను.

మా అత్తగారి ఊరు పాలక్కోడుకు దగ్గర. ధర్మపురి నుంచి రాయకోట మీదుగా హోసూరు పోయే దారిలో ఉన్న పాలక్కోడు తక్కాళికి ఎంత పేరున్న ఊరో మీకు నేను చెప్పనక్కరలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఏడాది తక్కాళి ధర పడిపోయింది. మామగారు తెల్లవారుజామున పెట్టెలు వేసుకుని సంతకు పోయారు. మధ్యాహ్నానికి సగం పెట్టెలతో తిరిగొచ్చారు. దించిన వాటికి వచ్చిన డబ్బు బండి బాడుగకు పోను ఏమీ మిగల్లేదు. మిగతావి అక్కడే పారేయడానికి చేతులు రాక ఇంటికి తెచ్చారు. దారి పొడుగునా గట్ల మీద ఎర్రగా కుప్పలు పోసి ఉన్నాయని చెప్పారు. అంతకు మించి ఆ రోజు ఆయన మాట్లాడలేదు.

అసలు కష్టం సాయంత్రం మొదలైంది. కాయలు కోసిన ఆడవాళ్ళు ఎనిమిది మంది కూలికి వచ్చారు. సరుకు అమ్ముడుపోకపోతే వాళ్ళ కూలి పోతుందా? పోదు కదా. పక్కింట్లో బదులు తీసుకురావడానికి మామగారు పోయారు. ఆ ఎనిమిది మంది వాకిట్లో కూర్చున్నారు. అత్తగారు నన్ను పిలిచి, "వాళ్ళను ఉత్త కడుపున కూర్చోబెట్టొద్దు, ఏమైనా చెయ్యి" అన్నారు. ఇంట్లో ఉన్నవి కర్రపెండలం గడ్డలు, దుత్తలో పెరుగు, ఎటు చూసినా తక్కాళి. గడ్డలు ఉడకేశాను. తక్కాళి మగ్గబెట్టి, రోట్లో నూరి, పొయ్యి మీది నుంచి దించిన వేడిలోనే పెరుగులో కలిపేశాను. నా కళ్ళ ముందరే విరిగిపోయింది. పైన నీళ్ళు, అడుగున పలుకులు. కొత్త కోడల్ని, ఏడుపొక్కటే తక్కువ.

ఆ వచ్చినవాళ్ళలో ఒక అవ్వ వంటింటి గడప దగ్గరికొచ్చి గిన్నెలోకి చూసింది. "ఉడుకుడుకుది పెరుగులో పోస్తే ఇరక్కుండా ఎట్టుంటాది అమ్మణ్ణీ? దాన్ని ఆరనియ్యి. పెరుగును గుడ్డలో కట్టు. ఇంట్లో చెనిక్కాయలున్నాయా?" అంది. మాటలు అంతే. ఆమె చెప్పినట్టు రెండోసారి చేశాను. మామగారు డబ్బుతో తిరిగి వచ్చేసరికి వాకిట్లో అందరి ముందూ ఆకుల్లో గడ్డలు, వాటి పక్కన గులాబి రంగు పచ్చడి. ఆయనా వాళ్ళతో కూర్చుని తిన్నారు. విరిగినది ఏమైందంటారా? మరునాడు పులుసులో పోశాను.

ఆ అవ్వ చెప్పిన మూడు మాటల వెనక ఉన్న కారణాలు నాకు చాలా ఏళ్ళకు తెలిశాయి. తక్కాళి పండులో నూటికి 94 పాళ్ళు నీరే. పెరుగులోనూ ఎక్కువ భాగం నీరే. పాలలోని మాంసకృత్తులు తోడుకున్నప్పుడు సన్నని వలలా అల్లుకుని ఆ నీటిని పట్టి ఉంచుతాయి. అదే మనం గడ్డపెరుగు అనేది. వేడి తగిలితే ఆ వల బిగుసుకుని, తడిబట్ట పిండినట్టు, పట్టి ఉంచిన నీటిని బయటికి వదిలేస్తుంది. ఉప్పు ఎక్కువసేపు ఉన్నా అంతే, గరిటెతో అదేపనిగా గిలకొట్టినా అంతే. అందుకని నీళ్ళు ముందే తీసేయాలి, వేడి చల్లారాలి, ఇంకా ఏమైనా తేమ ఊరితే పీల్చుకోవడానికి ఒక పిండి కావాలి. చెనిక్కాయ ఆ పని చేస్తుంది. పైగా దానిలో దాదాపు సగం నూనె. మెత్తగా నూరితే ఆ నూనే మీగడ నునుపు ఇస్తుంది. వెన్న అక్కరలేదు, అంగట్లో కొనే క్రీము అక్కరలేదు.

ఇక కొలతలు. రాసుకునేవాళ్ళు రాసుకోండి. బాగా పండిన తక్కాళి అర కిలో. గట్టి పెరుగు అర లీటరు. వేయించిన చెనిగ్గింజలు ఒక గుప్పెడు, అంటే సుమారు 50 గ్రాములు. ఎండు మిరపకాయలు నాలుగు, తెల్లగడ్డ పాయలు నాలుగు, జీలకర్ర అర చెంచా, ఉప్పు ముప్పావు చెంచా, చెనిక్కాయ నూనె రెండు చెంచాలు. తిరగమాతకు ఆవాలు, కరివేపాకు. ఏడెనిమిది మందికి చాలుతుంది. మళ్ళీ ఒకసారి చెబుతున్నాను. తక్కాళి అర కిలో, పెరుగు అర లీటరు, చెనిగ్గింజలు గుప్పెడు. ఈ మూడూ గుర్తుంటే చాలు, మిగిలినవి మీ నాలుక చెబుతుంది.

చుట్టాలను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి లోపలికి రాగానే మొదట చేయవలసింది పెరుగు పని. పలుచని నూలుగుడ్డ తడిపి పిండి, దానిలో పెరుగు పోసి మూట కట్టండి. తీరిక ఉంటే కొక్కేనికి వేలాడదీయవచ్చు. తీరిక లేదు కాబట్టి, మూటను చిల్లుల గిన్నెలో పెట్టి, పైన ఒక పళ్ళెం, పళ్ళెం మీద నీళ్ళ చెంబు. ఇరవై నిమిషాల్లో పెరుగు దగ్గరదగ్గర సగమై, వెన్నలా గట్టిపడుతుంది. కింద కారిన తేట పారబోయకండి. రాత్రి సంగటి ఎసరులో పోస్తే కొంచెం పులుపెక్కి బాగుంటుంది.

తర్వాత పొయ్యి వెలిగించి చెనిగ్గింజలు సన్న సెగ మీద వేయించండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వేసేవి ముందే ఏరి పారేయండి. ఇది రుచికి మాత్రమే చెబుతున్న మాట కాదు, బూజు పట్టిన చెనిక్కాయలో విషం చేరుతుంది, అది వేయించినా పోదు. వేగినవాటిని అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేయండి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే సంతోషంగా చేస్తారు. సగం గింజలు తినేస్తారు, అది లెక్కలో వేసుకుని ఇంకో పిడికెడు ఎక్కువ వేయించుకోండి.

అదే బాణలిలో నూనె పోసి మిరపకాయలు, తెల్లగడ్డ, జీలకర్ర వేయించి పక్కకు తీయండి. తక్కాళిని సగానికి కోసి, కోసిన వైపు కిందికి పెట్టి పెద్ద మంట మీద ఉంచండి. మూత పెట్టవద్దు. మూత పెడితే పైకి పోవలసిన ఆవిరి మళ్ళీ నీళ్ళయి గిన్నెలోనే పడుతుంది. ఉప్పు ఇక్కడే, తక్కాళిలోనే వేయండి. పెరుగులో వేయకండి. తొక్క ఊడి వచ్చాక మెదిపి, కలుపుతూ ఉండండి. పది నిమిషాలు పడుతుంది. అయిందో లేదో తెలుసుకోవాలంటే గరిటెతో మధ్యలో ఒక గీత గీయండి. బాణలి అడుగు కనిపించి, ఆ గీత వెంటనే మూసుకోకుండా ఉంటే అయినట్టు. గిన్నె మాటొకటి. కళాయి లేని ఇత్తడిలో గానీ, ఒట్టి ఇనుప బాణలిలో గానీ వద్దు. తక్కాళి పులుపుకు ఇనుపది నల్లబడి చిలుము రుచి వస్తుంది, ఇత్తడిది కడుపుకు మంచిది కాదు. స్టీలుది మంచిది. మట్టిదయితే ఇంకా మంచిది.

మగ్గిన తక్కాళిని వెడల్పయిన పళ్ళెంలో పలుచగా పరిచి, చల్లారబెట్టండి. ఇదిగో, ఈ పది నిమిషాలు మీవి. వెళ్ళి చుట్టాలతో మాట్లాడండి. తొందరపడి ఈ పది నిమిషాలు మింగేస్తే ఏమవుతుందో నా కథ మీరు విన్నారు. వేలు పెడితే చల్లగా తగలాలి, గోరువెచ్చగా కూడా ఉండకూడదు.

ముందు చెనిగ్గింజలు, మిరపకాయలు, తెల్లగడ్డ, జీలకర్ర నూరండి. మెత్తగా, నూనె ఊరి ముద్దయ్యే దాకా. తర్వాత తక్కాళి వేసి నూరండి. నీళ్ళ చుక్క పోయకండి. మిక్సీ తిరగడం లేదని నీళ్ళు పోసే అలవాటు మనకు ఉంది. అలా తిరగకపోతే ఆపి గరిటెతో కిందికి తోసి మళ్ళీ తిప్పండి. చివరికి గుడ్డలోని పెరుగును గిన్నెలోకి తీసి, ఈ ముద్దను దానిలో గరిటెతోనే మెల్లగా కలపండి. పెరుగును మాత్రం మిక్సీలో వేయవద్దు, పలుచబడి మజ్జిగ దారి పడుతుంది. తిరగమాత కూడా చల్లారాకే పైన వేయండి. అంతా కలిపి అరగంట, కొంచెం అటూఇటూ. ఆడబిడ్డ లేస్తానన్న వేళకు గిన్నె ఆమె ముందు ఉంటుంది.

ఇంత జాగ్రత్తపడినా ఎప్పుడైనా పలుచబడితే కంగారుపడకండి. పుట్నాలు, తమిళంలో పొట్టుకడలై అంటారే, ఆ వేయించిన శనగపప్పును పొడి చేసి రెండు చెంచాలు కలిపి అయిదు నిమిషాలు ఉంచండి. చిక్కబడుతుంది. కానీ చెనిక్కాయ నునుపు దానికి రాదు, కొంచెం పిండి పిండిగా తెలుస్తుంది. అది నా అభిప్రాయం, మా ఇంట్లో మగవాళ్ళు తేడా కనిపెట్టరు.

కాయల విషయం కూడా ఒక మాట. మన సంతల్లో నాటు తక్కాళి, బెంగుళూరు తక్కాళి అని రెండు రకాలుగా అమ్ముతారు. నాటుది గుండ్రంగా, పలుచని తొక్కతో, రసంతో, పుల్లగా ఉంటుంది. బెంగుళూరుది కోడిగుడ్డులా కాస్త పొడుగ్గా, కండ ఎక్కువ, పులుపు తక్కువ. చారుకు నాటుదాన్ని మించింది లేదు. ఈ పచ్చడికి మాత్రం కండ కావాలి, పులుపూ కావాలి. కాబట్టి రెండూ సగం సగం వేస్తాను. ఒట్టి నాటువే ఉంటే ఇంకో అయిదు నిమిషాలు మగ్గనివ్వండి, పులుపు ఎక్కువైతే గోరంత బెల్లం వేయండి. కొనుక్కొచ్చిన పచ్చి కాయలను ఫ్రిజ్‌లో పెట్టకండి. బాగా చల్లదనంలో తక్కాళి పండడం ఆగిపోతుంది, వాసన చచ్చిపోతుంది. బయట బుట్టలో ఉంచండి, పండిన తర్వాత ఉడకేసుకోండి. మరొక సంగతి, తక్కాళికి ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం పచ్చి కాయలో కంటే ఉడికించి నూనెతో తిన్నప్పుడు మన ఒంటికి బాగా పడుతుంది.

దేనితో ముంచుకోవాలి? డబ్బాలో నిప్పట్లు ఉంటే సరే సరి. తట్టై అని తమిళంలోనూ, చెక్కలు అని ఆంధ్రాలోనూ అనేది ఇదే కదా. మురుకులైనా బాగుంటాయి. ఏవీ లేకపోతే కీరకాయ, కేరట్ నిలువుగా కోసి పెట్టండి. నన్నడిగితే ఉడికిన కర్రపెండలం ముక్కకు మించింది లేదు, గెనుసుగడ్డ అయినా సరే. మిగిలిన పచ్చడి రాత్రికి రాగి సంగటిలోకి. అయితే పెరుగు కలిసింది కాబట్టి మూడు నాలుగు గంటలకు మించి బయట ఉంచకండి. ఎండాకాలమైతే రెండు గంటలే అనుకోండి.

మన పచ్చడి అంటున్నాను గానీ, ఈ గిన్నెలో ఉన్నవాటిలో తక్కాళి, మిరప, చెనిక్కాయ, ఆ పక్కన పెట్టిన కర్రపెండలం అన్నీ అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవే. పోర్చుగీసువాళ్ళు మన తీరాలకు వచ్చిన తర్వాతనే ఒక్కొక్కటిగా మన పొలాలకు చేరాయి. మన పెద్దవాళ్ళలో కొందరు తక్కాళిని రామములగ అనేవారు. పెరుగు, ఆవాలు, కరివేపాకు మాత్రం మనవి. అవ్వకు ఈ చరిత్ర తెలియదు, తెలియవలసిన పనీ లేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ధర పడిపోయిన రోజుల్లో ఇంట్లో ఎన్ని పచ్చళ్ళు చేసినా పొలం గట్టున కుప్పపోసిన కాయలు తరగవు. ఎనిమిది మందికి అర కిలో చాలినప్పుడు వంద పెట్టెల పంటను వంటిల్లు ఏం ఆదుకుంటుంది? ఆ మాట నేను చెప్పను. అది నిలవ గదులు, గుజ్జు తీసే కార్ఖానాలు, రైతుకు గిట్టే ధర చూడవలసిన పెద్దల పని. కానీ వంటింట్లో చేయగలిగింది ఒకటుంది. శివరాత్రి దాటి ఎండలు ముదిరాక కాయలు కారుచౌకగా వచ్చినప్పుడు ఒరుగులు వేసి పెట్టుకోండి. కండ ఎక్కువున్న కాయలను చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి, శుభ్రమైన గుడ్డ మీద పరచి, పైన పలుచని బట్ట కప్పి ఎండలో పెట్టండి. రాత్రి లోపలికి తీసుకురండి. మూడు నాలుగు రోజుల గట్టి ఎండకు తుంచితే విరిగేలా అవుతాయి. నీళ్ళన్నీ పోతాయి కాబట్టి కిలో కాయలకు మిగిలేది ఒకటి రెండు గుప్పెళ్ళే. తడి లేని సీసాలో పోసి మూత బిగించండి. కావలసినప్పుడు ఒక గుప్పెడు వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, పిండి, కొంచెం నూనెలో వేయించి, చల్లార్చి, మిగతాదంతా ఇప్పుడు చెప్పినట్టే చేయండి. ఒరుగుల్లో ఉప్పు ఉంటుంది, రుచి చూసి వేసుకోండి.

2023 జులైలో దేశమంతటా తక్కాళి కిలో వంద రూపాయలు దాటి, కొన్నిచోట్ల రెండు వందలకు కూడా పోయింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెలలో ఒక ఆదివారం మా ఇంటికి చెప్పకుండా ఆరుగురు చుట్టాలొచ్చారు. నేను గిన్నె తెచ్చి పెడితే మా మరిది వేలితో నాకి చూసి, "ఇంత ధరలో తక్కాళి పచ్చడా వదినా, బంగారం ఏమైనా అమ్మావా?" అన్నాడు. అటక మీది సీసా దించి చూపించాను. అడుగున ఇంకో గుప్పెడు ఉన్నాయి.